బస్సు ఉన్న ఊరు

ఫిబ్రవరి 9, 2001

జనాభా లెక్కలు ఇవాళ మొదలు. బడి వదిలాక ఇళ్ళ మీద పడ్డాను. పదకొండు ఇళ్ళు అయ్యాయి. మిరపకోతల రోజులు, సగం తలుపులకి తాళాలే. ముసలమ్మలు వయసు చెప్పరు, ఉప్పెన ఏడాదికి తమకి ఎంతమంది పిల్లలో చెబుతారు. మిగతాది నేను కూడుకోవాలి. కాళ్ళు లాగేస్తున్నాయి.

ఫిబ్రవరి 12

ఊరి సంగతులకి విడిగా ఒక ఫారం ఇచ్చారు. నీళ్ళు, కరెంటు, పోస్టాఫీసు, బస్సు. బస్సు లేని ఊళ్ళ పేర్లు డిపోకి పంపుతారట. మా బస్సు దసరా వానలకి కల్వర్టు కుంగినప్పుడు ఆగింది. కల్వర్టు బాగుచేశారు, బస్సు మాత్రం మళ్ళీ రాలేదు. అందరం ఐదు కిలోమీటర్లు నడిచి అడ్డరోడ్డు దగ్గర ఎక్కాల్సిందే.

ఫారం కింద సర్పంచ్ సంతకం ఉండాలట.

ఫిబ్రవరి 15, సాయంత్రం

ప్రేమమ్మ ఇంట్లో ఇద్దరే మనుషులు. తను కూలికి వెళ్తుంది. కూతురు షారోన్ ఐదు దాకా నా దగ్గరే చదివింది, ఇప్పుడు ప్రత్తిపాడులో ఇంటర్ ఫస్టియర్. తోడు నడిచే పిల్లకి పెళ్ళైపోయింది. ఒక్కతే నడుస్తోంది, తిరిగొచ్చేసరికి చీకటి. పత్తి లారీలవాళ్ళు ఆపి ఎక్కమంటున్నారట. ఇక మాన్పించేస్తానంది తల్లి.

నేను ఫారం తీసి చూపించాను. బస్సు లేదని రాస్తాను, తప్పకుండా వస్తుంది అన్నాను. అంత ధైర్యంగా ఎలా అన్నానో!

"మీరు రాస్తానంటే పంపుతా టీచరమ్మా. లేపోతే పిల్ల నాతో కోతకొచ్చుద్ది."

ఫిబ్రవరి 19

సర్పంచ్ బుల్లయ్య గారు సంతకం పెట్టనన్నారు. కొడుకు శివరామకృష్ణకి చిలకలూరిపేట సంబంధం. ఆదివారం ఆడపిల్లవాళ్ళు ఇల్లు చూసుకోవడానికి వస్తున్నారు. ఊళ్ళోకి బస్సు వస్తుందని వాళ్ళకి చెప్పి ఉన్నారు. ఇదేమీ ఆయనొక్కడి అబద్ధం కాదు. బస్సు లేని ఊరికి పిల్లనివ్వరని దసరా నుంచీ పెళ్ళికొడుకులున్న ప్రతి ఇంట్లోనూ ఇదే మాట. ఈ బస్సు మీద రెండు పెళ్ళిళ్ళు కూడా అయ్యాయి. ఇప్పుడు గవర్నమెంటు కాగితంలో లేదని రాస్తే ఊరి పరువేం కావాలన్నారు.

నవ్వు రావాల్సింది. ఏడుపొచ్చింది.

ఫిబ్రవరి 22

మళ్ళీ వెళ్ళాను. మజ్జిగ ఇచ్చి పంపారు.

ఫిబ్రవరి 25, ఆదివారం

పేటవాళ్ళు జీపులో వచ్చారు. బోర్లెన్ని, ఎకరాలెన్ని అని అడిగారట. బస్సు ఊసే ఎత్తలేదట.

ఫిబ్రవరి 27

ఊరి ఫారం రేపు ఇచ్చెయ్యాలి. సంతకం లేనిది తీసుకోం అని మండలాఫీసులో ఖచ్చితంగా చెప్పారు. బుల్లయ్య గారింటికి వెళ్ళి, సంబంధం కుదిరింది కదండీ, ఇప్పుడైనా పెట్టండి అన్నాను. లగ్నపత్రిక రాసుకునేదాకా ఆగాలట. పెళ్ళయ్యాక తనే డిపోకి వెళ్ళి బస్సు వేయిస్తారట. ఎండలో నిలబడి ఉన్నాను. ఒళ్ళు కాలిపోతోంది. ఇంకా నలభై ఇళ్ళు మిగిలాయి.

'ఉంది' అని రాశాను. వెంటనే సంతకం పెట్టేశారు. కుర్చీ వేయించి టీ కూడా ఇప్పించారు.

ఆఫీసుకి వెళ్ళి గొడవ పెట్టుకోవచ్చు. సంతకం పెట్టలేదని రాసి ఇవ్వొచ్చు. చెయ్యలేదు. అలిసిపోయాను. నామీద నాకే అసహ్యంగా ఉంది.

మార్చి 2

టీ కొట్టు దగ్గర బుల్లయ్య గారే అందరికీ చెబుతున్నారు, మన ఊరికి బస్సుందని టీచరమ్మ రాసిందని. ప్రేమమ్మ అక్కడే ఉంది. నావైపు చూడలేదు.

మార్చి 4

మార్పులేమైనా ఉన్నాయేమోనని ఇళ్ళ ఫారాలు పట్టుకుని మళ్ళీ ఇల్లిల్లూ తిరిగాను. ప్రేమమ్మ ఇంటికి తాళం. చేలోకి వెళ్ళాను. తల్లీకూతుళ్ళిద్దరూ ఒకే సాలులో కోస్తున్నారు.

షారోన్ లేచి నిలబడింది. కొంగుకి చేతులు తుడుచుకుంది.

"మా ఇంటి కాగితంలో నన్ను చదువుతున్నట్టు రాశారు కదా టీచర్. అది కొట్టేయండి."

కొట్టేశాను.