మునిగిన ఊరి పేరు

సిద్దిపేట. మంగళవారం, అమావాస్య మర్నాడు.

పేరు పోయింది. రిజర్వాయర్‌లో మునిగిన మా ఊరి ఫొటోలతో వెబ్‌సైట్ పెట్టి, ఊరి పేరునే దాని అడ్రస్‌గా కొన్నాను. కొనడమంటే కిరాయికి తీసుకోవడమే, ఏటా కట్టాలి. గడువు దాటినట్టు వచ్చిన మెయిళ్లు నిన్నటిదాకా చూసుకోలేదు. కట్టడానికి ఆఖరి రోజూ నిన్ననే. కార్డు తీస్తుంటే బాపు ఆపాడు.

"అమాస నాడు పైసలు తియ్యకు బిడ్డా. ఒక్క దినంల ఊరు యాడికి పోతది?"

ఆగాను. నాకైనా బుద్ధి ఉండొద్దా? పొద్దున చూస్తే ఎవరో కొనేశారు.

మా ఇళ్ల ఫొటోలన్నీ సర్వర్‌లో భద్రంగానే ఉన్నాయి. వాటికి దారి చూపే పేరే పరాయిదైంది. చెల్లాచెదురైన మా వాళ్లు ఊరి పేరు కొడితే ఇప్పుడు రమ్మీ ఆట వస్తోంది. పేరు కిరాయికిచ్చిన కంపెనీకి ఫోన్ చేసి ఏడ్చాను. "వేరే పేరు తీసుకోండి మేడం" అంది అవతలి అమ్మాయి. మా ఊరికి వేరే పేరెక్కడిది?

బాపుకు చెప్పలేదు. నెట్ రావట్లేదని అబద్ధమాడాను. ఇందాక పక్క మీది నుంచే అడిగాడు:

"రేపన్నా ఊరు చూపియ్యి బిడ్డా. మన వాకిలి చూడకుంటే నిద్ర పడ్తలేదు."