హాలు పైకప్పుకి అంటుకున్న గోధుమలు

మానిటోబా,
జనవరి 8

తమ్ముడు ఒరెస్ట్‌కి ముందు దీవెనలు, తర్వాత చీవాట్లు.

నీకు మనవరాలు పుట్టిందని అందరం మురిసిపోయాం. కానీ హాలు పైకప్పుకి కొత్త తెల్లరంగు వేయించి, మన పాత పంచాంగం ప్రకారం జనవరి ఆరున వచ్చే క్రిస్మస్ రాత్రి కుత్యా పైకి విసరొద్దని తలుపుకి ఇంగ్లీషులో కాగితం అంటించి మనవరాలి దగ్గరికి వెళ్ళావే, అది మన తాతలు పాత దేశం నుంచి వచ్చి కట్టిన హాలురా! మన భాషలో రాయాలని తోచలేదా?

మొన్ననే పాత దేశంలో యుద్ధం తప్పించుకుని వచ్చిన మెలానియా అవ్వ దాన్నెలా చదువుతుంది? కుత్యా గిన్నెలోంచి తేనె, గసగసాలు కలిపి ఉడికించిన గోధుమలు గరిటెడు తీసి, "ఇది నా కొడుకు పేరున" అంటూ పైకప్పుకేసి కొట్టింది. అతనింకా యుద్ధంలోనే ఉన్నాడు. అందరం పైకి చూశాం. ఒక్క గింజ రాలలేదు! అంటుకుంటే ఏడాదంతా మంచే కదా.

అవ్వ మావైపు తిరిగి, "ఏంటర్రా అలా చూస్తారు? వందేళ్ళ కిందట మన దేశం వదిలి వచ్చి ఇది మరిచిపోయారా?" అంది. ఇక ఎవరాగుతారు? నేనూ విసిరాను, ఫాదర్ గారూ విసిరారు. ఆయన గడ్డంలో ఇంకా గసగసాలున్నాయి.

మళ్ళీ రంగు వేయించావో, చూడు! నీ కుర్చీకి పైన కప్పు మాత్రం తెల్లగా వదిలాం. వచ్చే పండక్కి అక్కడ మొదటి గరిట నీ మనవరాలిది.

నీ అక్క