ఎర్ర రేకు లేని వాల్వు

కోహ్కా, భిలాయి,
బుధవారం.

చిరంజీవి హరితకు నాన్న దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం బాగున్నామని రాయాలి కనక రాస్తున్నాను. మీ అమ్మ నిజంగానే బాగుంది. నాకు మాత్రం నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి ఒళ్లు మండిపోతోంది. నువ్వు భిలాయి బళ్లో చదివినదానివని ఎప్పుడూ హిందీలో రాసేవాణ్ణి. ఈసారి తెలుగులో, పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. ఎందుకో చివర్లో తెలుస్తుంది. ముందే ఆఖరి పేజీ తిప్పకు.

నువ్వడిగిన వాటికి వరసగా జవాబులు చెబుతాను. అమ్మ మోకాలు నొప్పి తగ్గింది, కూరలు తనే తెచ్చుకుంటోంది. నీ సైకిలు ఎవరికీ ఇవ్వలేదు, వరండాలోనే ఉంది. మన డీజిల్ షెడ్ మనోజ్‌కుమార్‌కి కంటి ఆపరేషన్ అయింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నెహ్రూ నగర్ అంతా తిరుగుతున్నాడు.

ఇక మీ పడవ ఓనరు రాజాబాబు సంగతి. పడవ కొన్నంత మాత్రాన పడవ తెలిసినట్టేనా? పడవ నడిపే సరంగు సర్టిఫికెట్టు చేతిలో ఉన్న పిల్లని చక్రం దగ్గర్నుంచి దింపేసి జెట్టీ మీద టికెట్లు చింపమంటాడా? పైగా నెలాఖరులోగా తప్పు నీదేనని సంతకం పెట్టకపోతే సర్టిఫికెట్టు రద్దు చెయ్యమని పైకి రాస్తాడా? ఆ రోజు ఇంజిన్ వేడెక్కి హెచ్చరిక గంట మోగగానే ఆపింది నువ్వు. లంగరు వేసింది నువ్వు. పద్నాలుగు మంది టూరిస్టులకీ లైఫ్ జాకెట్లు తొడిగి, చేపల పడవని పిలిచి ఒడ్డుకి లాగించింది నువ్వు. ఆయన ఇంట్లో ఏసీలో పడుకున్నాడు.

ఒకే ఇంజిన్ కాబట్టే నడిసముద్రంలో ఆగిందట, అందుకని రెండు పెట్టిస్తాడట. ఇది చదివి నేను గ్లాసుడు మజ్జిగ తాగితే గానీ కూర్చోలేకపోయాను. చల్లబరిచే నీళ్లు అందని ఇంజిన్ ఒకటైనా ఆగుతుంది, రెండైనా ఆగుతాయి. రెండూ తాగేది ఆ ఒక్క ట్యాంకులో డీజిలే కదా, అందులో మడ్డి చేరితే రెండూ కలిసే ఆగుతాయి. భీమిలి దాకా, కళింగపట్నం దాకా ఒడ్డు వెంట నింపాదిగా వెళ్లే పడవకి మధ్యలో ఒక్క మంచి డీజిల్ ఇంజిన్ చాలు. ప్రొపెల్లర్ అడుగు దూలం వెనక భద్రంగా ఉంటుంది. ఇంజిన్‌కి రెండు పక్కలా మనిషి కూర్చుని పనిచేసుకునే చోటు మిగులుతుంది. ఆ చోటే అసలు సంగతి. ఒక్క ఇంజిన్ మీద నమ్మకం పెట్టుకున్నవాడు దాని దగ్గరికి చెయ్యి వెళ్లే దారి ఉంచాలి.

మరి ఆయనేం చేశాడు? ఇంజిన్ గది మూత మీద సోఫా బిగించాడు. లోపల కుర్చీలు, గొడుగులు, ప్లాస్టిక్ పూలదండలు కుక్కాడు. ఫిల్టరు మార్చాలంటే నువ్వు దండల మధ్యలోంచి పాకాలి. నేను వచ్చినప్పుడు ఇద్దరం కలిసి ఆ సోఫా జరపడానికి పావుగంట పట్టింది. బయలుదేరేముందు ప్రతిసారీ మూత ఎత్తి చూడాలని నువ్వంటే, "టూరిస్టులు కూకునే సోటది, రోజూ పీకీమంటావేటి?" అన్నాడు. నా ఎదురుగానే అన్నాడు. అప్పుడే నాలుగు మాటలు అనేవాణ్ణి. నీ ఉద్యోగం గుర్తొచ్చి ఊరుకున్నాను.

నీ తప్పు ఒకటుంది, అదీ రాస్తాను. ఇంజిన్ స్టార్ట్ చేశాక ఇంజిన్‌ని చల్లబరిచిన నీళ్లు పొగ గొట్టంలోంచి బయటికి పడుతున్నాయో లేదో వెనక్కి వెళ్లి చూడాలి. ఆ రోజు జనం ఫొటోలు దిగుతూ అడ్డంగా ఉన్నారని చూడలేదన్నావు. చూడాల్సింది. కానీ దానికి నిన్ను కోప్పడే హక్కు నాకు ఈసారి లేదు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "నాన్నా, నేను ఆ వాల్వు ఎప్పుడూ మూయను. రాజాబాబుగారు మరి దెయ్యం మూసిందా అంటున్నారు. ముందురోజు సాయంత్రం మీరు లోపలికి దిగారు కదా, అప్పుడు తెరిచే ఉందా?" ఫోన్లో ఇదే అడిగావు. గమనించలేదని చెప్పి, గబగబా మీ అమ్మకి ఫోన్ ఇచ్చేశాను.

ఆ దెయ్యం నేనే, హరితా.

మా రైలింజిన్ల షెడ్‌లో ముప్ఫై ఆరేళ్లు ఒకటే పద్ధతి. పని ముగించి ఇంజిన్ దగ్గర్నుంచి లేచేవాడు ఎదురుగా ఉన్న వాల్వు మూసి, తన పేరున్న ఎర్ర రేకు దాని మెడలో తగిలించి వెళ్లాలి. రేకు తగిలించినవాడు తప్ప ఇంకెవరూ దాన్ని తియ్యకూడదు. ఆ సాయంత్రం నువ్వు పైన టూరిస్టులతో మాట్లాడుతున్నావు. నేను ఇంజిన్ చుట్టూ చూసి, తుడిచి, లేచాను. పడవ అడుగున సముద్రపు నీళ్లు లోపలికి తీసుకునే వాల్వు తెరిచి ఉంది. చెయ్యి దానంతటదే వెళ్లి మూసేసింది. రైలింజిన్‌కి సముద్రంతో పనిలేదు. నీ ఇంజిన్ ఆ నీళ్లతోనే చల్లబడాలి. అది తెలిసుండీ మూశాను. రిటైరైనవాడి జేబులో రేకు కూడా లేదు. పైకొచ్చి నీతో టీ తాగి రైలెక్కేశాను.

వాల్వు మూసి ఉందని నువ్వు ఫోన్లో చెప్పగానే నా చేతికి తెలిసిపోయింది. ఇరవై రోజులు నోరు విప్పలేదు. భయం కాదు, సిగ్గు. రేకు తగిలించకుండా వాల్వు మూసినందుకు ఎంతమందిని షెడ్‌లో అందరి ముందూ నిలబెట్టి దులిపేశానో నాకే లెక్క లేదు. నీ మీద నింద పడుతుంటే, నేను రాజాబాబుని తిడుతూ కూర్చున్నాను. ఆయన్ని ఎంత తిడితే నా సంగతి అంత మరుగున పడుతుందనిపించింది. ఇంతకంటే తలవంపులు నాకు ఈ జన్మలో లేవు.

నిన్న మీ అమ్మకి చెప్పాను. చేతిలో కూరల సంచి కింద పెట్టేసింది. తర్వాత అంది, "పిల్ల ఫోన్లో ఏడుస్తుంటే ఎలా ఊరుకున్నారండీ? ఎవలో ఒకలు మిమ్మల్ని తిట్టాల. నాను తిడితే సాలదు. ఎల్లి దాని ముందర నిలబడండి."

శనివారం బయలుదేరి వస్తున్నాను. ఈలోగా స్పీడ్ పోస్టులో అందే ఈ ఉత్తరం రాజాబాబుకి ఇచ్చి, మొదటి నుంచి చివరిదాకా చదవమను. ఆయన చదవాలనే తెలుగులో రాశాను. సోఫా గురించి రాసిన ముక్క కూడా చదవాలి. అందులో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. నువ్వు మాత్రం ఏ కాయితం మీదా సంతకం పెట్టకు.

కవర్లో బరువుగా తగిలేది నా ఎర్ర రేకు. రిటైరైన రోజు షెడ్ వాళ్లు నా చేతిలో పెట్టి పంపించారు. దాని మీద పేరు ఇంకా చెరిగిపోలేదు. సోఫా జరిపించి, ఆ వాల్వుకి తగిలించు. ఇరవై రోజులు ఆలస్యమైంది. దాన్ని నేనే వచ్చి తియ్యాలి, రాజాబాబు ఎదురుగా.

ఇట్లు,
ఆ వాల్వు మూసిన
మీ నాన్న,
నరసింగరావు