షుక్రీ పడవ మీద నేను పెట్టిన సంతకం

ప్లీడర్ల సంఘం పెద్దగారికి, రషీద్ ఊరి రేవులో చేపలు పట్టిన షుక్రీ తల్లి భయపడుతూ రాసుకుంటున్నది.

అయ్యా, నా కొడుకు మొన్న చలికాలం సముద్రంలో పోయాడు. పడవను వాడి పిల్లల పేరుకు మార్పించే పని లబీబ్ ప్లీడరు గారికి అప్పగించాను. పరామర్శ పందిట్లో మూడు రోజులూ మా మగవాళ్ల వరసలో నిలబడిన మనిషి ఆయన. నా బదులు పనులు చేసే అధికారం ఆయనకిచ్చే కాగితాన్ని రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా చదివి, "అమ్ముకునే హక్కు కూడా ఇస్తున్నావు, తెలుసా పెద్దమ్మా?" అన్నాడు. పక్కనే ఆయన ఉండగా ఎందుకని అడగడానికి సిగ్గేసి, తెలుసని సంతకం పెట్టేశాను.

ఇప్పుడా పడవ మీద ఆయన బావమరిది వేటకు పోతున్నాడు. అడిగితే ప్లీడరు గారు నవ్వి, "పడవ ఒక్కటేనా? నువ్వుండే ఇల్లు కూడా ఆ కాగితంలోనే ఉంది. నోరెక్కువ చేయకు" అన్నారు. అప్పటినుంచి తలుపు చప్పుడైతే కిటికీలోంచి చూసిగాని తీయడం లేదు.

కాగితం రద్దు చేయిస్తే ఆ కబురు ఆయనకు అందాకే రద్దు చెల్లుతుందట. అది అందేలోపే అమ్మేస్తారేమో. నిన్న ఇద్దరు వచ్చి పడవ చెక్కలు తట్టి చూసిపోయారు. దయచేసి ముందు ఆయన్ని పిలిపించి, ఆ కాగితం మీ చేతిలోకి తీసుకోండి.

జవాబు ఇంటికి పంపకండి. "పడవ ఎప్పుడిస్తారత్తా?" అని కోడలు సఫా రోజూ అడుగుతోంది. ఆఫీసులో పని నడుస్తోందని చెబుతున్నాను. నేను ఏం చేశానో దానికి తెలియదు. అందుకే ఈ ఉత్తరం నేనే తెచ్చి, మీ గది బయట బెంచీ మీద కూర్చుని ఉంటాను. ఒక్కసారి లోపలికి పిలవండి.