నాటకానికి రెండు సంతకాలు

ఉదయగిరి, ఏప్రిల్ 9

పూజ్యులైన బావగారికి,

మీ బామ్మర్ది రామనారాయణ నమస్కారాలు. ఫోన్‌లో మాట్లాడితే రికార్డు చేసి వాట్సాప్‌లో పెడుతున్నారు కనుక ఉత్తరమే మేలు. మొన్న మన ఊరి తిరనాళ్ళ నాటకంలో తొలి దండ గెలిచిన పార్టీ పెద్దనైన నాకా, ఓడిన పార్టీ పెద్దలైన మీకా అని మనవాళ్ళు పదకొండు తలలు పగలగొట్టుకున్నారు కదా! మనిద్దరం రాజీపత్రం మీద సంతకం పెడితేనే వచ్చే ఏడాది నాటకానికి పర్మిషన్ అన్నాడు ఎస్సై. నలభై ఏళ్ళుగా రాజు వేషం కట్టే గొర్రెల ఆదెయ్య వచ్చి, "గొంతు పోతా ఉండాది నాయనా. ఇంకొక్కసారి కట్టనీయండి" అని ఏడ్చాడు. శాంతికి గుర్తుగా ఉదయగిరి కొయ్య గరిటె పంపుతున్నాను.

విధేయుడు,
రామనారాయణ

తా.క.: గరిటె అక్కకు కాదు, మీకే.

*

ఆత్మకూరు, జులై 2

చిరంజీవి రామనారాయణకు,

బావ శ్రీనివాసులు ఆశీస్సులు. గరిటె అందింది. ఓడినవాడు వంటింట్లో ఉండాలనేగా? మావాళ్ళు బస్టాండులో ధర్నా చేస్తామంటే ఆపాను. నాకూ శాంతే కావాలి. ఒక పొట్టేలును పంపుతున్నాను.

మీ అక్క మొగుడు,
శ్రీనివాసులు

తా.క.: దానికి నీ పేరు మేం పెట్టలేదు. పిలిస్తే పలుకుతోంది, అంతే.

*

ఉదయగిరి, నవంబరు 20

బావగారికి,

మర్యాదకు లోటు లేకుండానే రాస్తున్నాను. "ఏంది రామనారాయణా, గడ్డి తింటివా?" అని ఊరంతా పొట్టేలును పలకరిస్తోంది. అది మా పార్టీ ఆఫీసులో దూరి మండలాధ్యక్షుణ్ణి కుమ్మింది. అయినా సహించాను. గౌరవంగా మంత్రి వేషం మీ పార్టీ మోహన్‌కృష్ణకే ఇస్తాం. సంతకం పెట్టండి.

ఇంకా ఓపికున్న,
రామనారాయణ

తా.క.: మంత్రి మూడో అంకంలో రాజు కాళ్ళు పట్టుకుంటాడు. నాలుగో అంకంలో చస్తాడు.

*

ఆత్మకూరు, ఫిబ్రవరి 11

రామనారాయణకు,

ఈసారి ఆశీస్సులు లేవు. మంత్రి చస్తే రాజూ చావాలి. కాళ్ళు పట్టుకోవడం ఇద్దరూ ఒకేసారి చెయ్యాలి. అంతవరకూ సంతకం లేదు.

శ్రీనివాసులు

తా.క.: ఇక నీతో మాట్లాడనని మీ అక్కతో చెప్పాను. "మంచిది, నాతో గూడా మాట్లాడబాకండి" అనింది.

*

ఉదయగిరి, మార్చి 28

తమ్ముడికీ, మా ఆయనకూ కలిపి,

రేణుకాదేవి పుట్టింటి నుంచి రాస్తున్నది. నిన్న నాటకం జరిగింది. నేనూ మరదలు కామాక్షమ్మా స్టేషనుకు పోయి అడిగితే, "వాళ్ళ సంతకాలు ఎందుకమ్మా? ఆ రోజు ఇద్దరూ ఊళ్ళో లేకుంటే చాలు" అన్నాడు ఎస్సై. జలదంకిలో శాంతి సభ, ముఖ్య అతిథి మీరేనని ఇద్దరికీ విడివిడిగా కార్డులు పంపింది మేమే. దండలు ఎవరికీ వేయలేదు, ఒక్క తలా పగల్లేదు. ఆదెయ్య పద్యానికి మూడుసార్లు వన్స్‌మోర్. నాలుగోసారి గొంతు పెగలకపోతే రెండు పార్టీల వాళ్ళూ లేచి తామే పాడి పూర్తిచేశారు. ముసలాయన కిరీటం తీసి, దాన్ని అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

ఈ ఉత్తరం జలదంకి బస్సు కండక్టరు చేతికిచ్చి మీకు పంపుతున్నాను.

మీ ఇద్దరి క్షేమం కోరే,
రేణుకాదేవి

తా.క.: సభ లేదని తెలిశాక మీరిద్దరూ జలదంకి బస్టాండులో ఒకే బెంచీ మీద కూర్చుని, పకపకా నవ్వుకుంటూ బజ్జీలు తిన్నారని కండక్టరు చెప్పాడు. ఇంకో రెండు రోజులు అక్కడే ఉండండి.