కలిసి ఉంటాయని చెప్పేను

జూన్ 11
ఆ ఆస్కార్ చేపపిల్ల ఇవాళ వెళ్ళిపోయింది. హమ్మయ్య. వారం నుంచి మిగతా మూడూ దాన్ని మూలకి తరిమి పొడుస్తూనే ఉన్నాయి — తోక సగం లేదు. విడిగా వేద్దామంటే మా చేపల కొట్లో తొట్టి ఖాళీ లేదు. తీసుకున్నది ప్రకాశరావు మాస్టారు. హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పినాయన. ఆయన భార్య రూతు టీచరు గారు పోయాక ఇంట్లో ఆయనా, ఆవిడ పెంచిన అయిదు గోల్డ్‌ఫిష్‌లూ... అంతే.
"మా వాటితో కలిసి ఉంటుందామ్మా?"
"ఆయ్, ఉంటుందండి" అనేసేను.
ఉండదు. పెరిగితే పక్కనున్న చిన్న చేపల్ని మింగేస్తుంది, నాకు తెలుసు.

జూన్ 12
మా ఆయనతో చెప్పేను. "అది పెద్దదయ్యేసరికి కదా! అప్పుడు చూద్దాంలే" అన్నారు. టీ తాగి వెళ్ళిపోయేరు. ఆస్కార్ పెరగడానికి ఎన్నాళ్ళు కావాలి...

జూలై 3
మాస్టారు వచ్చేరు. వేలు చూపిస్తే పైకి వస్తోందట. తోక మళ్ళీ మొలిచిందట. నవ్వుతూ చెప్పేరు. ఆయన నవ్వగా చూసి ఏడాది దాటింది. అసలు సంగతి చెప్పేద్దామని నోరు తెరిచేను — ఇంకో బేరం వచ్చింది.

జూలై 29
"గోల్డ్‌ఫిష్‌ల్లో చిన్నది ఒకటి కనపడట్లేదమ్మా" అన్నారు మాస్టారు.
"పిల్లి ఎత్తుకుపోయి ఉంటుందండి." నేనే అందించేను.
ఆ తొట్టికి మూత ఉంది. మూత అమ్మింది కూడా నేనే.

ఆగస్టు 17
వరద. అప్పనపల్లి కాజ్‌వే మునిగింది. బేరాల్లేవు. పొద్దున్నుంచీ మిగిలిన మూడు ఆస్కార్లనీ చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం మూడు గంటలకల్లా రెండే. మూడోది అడుగున పడుంది, కళ్ళు లేవు. పొద్దున్న కడుపు నిండా మేత వేసేను. ఆకలికి చేసిన పని కాదు.

సెప్టెంబర్ 8
ఇంకోటి పోయిందట. మాస్టారి గొంతులో బాధేమీ లేదు. మేత డబ్బా తీసుకున్నారు. "వీడు బాగా పెరిగేడమ్మా" అన్నారు, ఆస్కార్ గురించి.
వీడు...

సెప్టెంబర్ 14
చర్చిలో రూతు టీచరు గారు కూర్చునే చోటు చూస్తూ ఉండిపోయేను. ఆవిడ ఆదివారం తొట్టిలో నీళ్ళు మార్చేకే వచ్చేవారు. ఆరాధన మొదలైపోయినా సరే — తడి చీర కుచ్చిళ్ళతో, చప్పుడు కాకుండా వచ్చి కూర్చునేవారు.

అక్టోబర్ 20
మూడోదీ, నాలుగోదీ పోయేయట. ఒక్క వారంలో. రేపు వెళ్తాను. ఆస్కార్‌ని తెచ్చేస్తాను.

అక్టోబర్ 21
వెళ్ళలేదు.

నవంబర్ 2
వెళ్ళేను. చర్చి నుంచి నేరుగా. బకెట్టూ వలా పట్టుకుని.
మాస్టారు తొట్టి ముందు కుర్చీ వేసుకుని ఉన్నారు. ఆస్కార్ జానెడు దాకా ఎదిగింది, నల్లగా, ఒంటి నిండా ఎర్రటి మచ్చలు. వెనక పంపు పక్కన ఒకే ఒక్క గోల్డ్‌ఫిష్. అయిదింట్లో పెద్దది. రెక్కలు పీలికలు. ఒక కన్ను లేదు.
నిలబడే చెప్పేసేను. "తప్పు నాదండి. కలిసి ఉండవని తెలిసే ఇచ్చేను. పిల్లి కాదండి."
"ఆయ్, తెలుసమ్మా. రెండోదాన్ని మింగుతుంటే ఇక్కడే కూర్చుని చూసేను."
"మరి... విడిగా వెయ్యలేదేమండి?"
"అవి ఆవిడ చేపలమ్మా. ఏడాదిన్నర మేత వేసేను. నేను దగ్గరికెళ్తే వెనక్కి పోయేవి. ఒక్క రోజూ... ఒక్కటీ రాలేదు."
మూత తీసి చెయ్యి నీళ్ళలో పెట్టేరు. ఆస్కార్ వచ్చి అరచేతికి ఆనుకుని నిలబడిపోయింది. వెనక ఉన్నది కదల్లేదు.
"పోనీ ఆ ఒక్కదాన్నీ నేను తీసుకెళ్తానండి."
"ఉండనీమ్మా. ఆవిడది అదొక్కటే మిగిలింది."
ఆ మాట ఎంత మెల్లగా అన్నారో! ఖాళీ బకెట్టుతో వచ్చేసేను.

నవంబర్ 5
మాస్టారు కొట్టుకి వచ్చేరు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, ఎప్పటిలాగే. గోల్డ్‌ఫిష్ పిల్లల తొట్టి ముందు ఆగేరు.
"నాలుగు ఇయ్యమ్మా. చిన్నవి చూసి."
"దేనికండి... ఆస్కార్ మేతకా?"
జవాబు తెలిసీ అడిగిన పిల్లని క్లాసులో ఎలా చూసేవారో అలా చూసేరు.
"కొత్త సరుకు రావాలండి" అన్నాను. చేపలు ఆయన కళ్ళ ముందే తిరుగుతున్నాయి. ఆయన వాటిని చూసేరు, నన్ను చూసేరు. "అలాగేనమ్మా, శనివారం వస్తాను" — అంతే మర్యాదగా.
ఈయన వెనక గదిలోంచి అంతా విన్నారు. "ఇచ్చేస్తే పోయేది కదా. నువ్వివ్వకపోతే అమలాపురంలో తెచ్చుకుంటారు."
అదీ నిజమే.

నవంబర్ 6
గురువారం. మాస్టారు రావడానికి ఇంకా రెండు రోజులు. గోల్డ్‌ఫిష్ పిల్లలకి మేత వేసేను. చెయ్యి పెట్టగానే అన్నీ ఒక్కసారి పైకొచ్చేయి.