ఒరలు లేని ఇరవై మూడు కెరిసులు

అర్జునో కొండ కింది సుంబెర్‌జాతి ఊరి కాపురస్తుడిని, ఎలియాస్ వొంగ్సోదిక్రోమో అనే వాడిని, వయసు డెబ్భై ఎనిమిది, వృత్తి మొక్కజొన్న సేద్యం, జీతం లేకుండా నలభై ఏళ్లు సువార్త చెప్పిన వాడిని, నా ఇంట్లో నా బల్ల మీద నా చేత్తో రాస్తున్న కాగితం ఇది. చెవులు మందగించాయి, బుద్ధి మందగించలేదు. ఎవరూ నన్ను భయపెట్టలేదు, బతిమాలలేదు. నాలుగేళ్ల కిందట సంఘం పెట్టెలో దాచిన నా వీలునామాను దీనితో రద్దు చేస్తున్నాను. దానిలో ఆస్తి మొత్తం సరిగానే ఉంది. ముఖ్యమైనది లేదు.

ఒకటి. దీన్ని అమలు జరిపే బాధ్యత సంఘ పెద్ద తిమోతియుస్ రక్సోతామది. తిమోతియూ, నీ మీద నాకు పెద్ద ప్రేమ లేదని నీకూ తెలుసు. బాప్తిస్మం పొందినవాళ్లను కోడిపిల్లల్లా లెక్కపెట్టి పట్నంలోని పాస్టరు గారికి జాబితా పంపేవాడివి. ఆ జాబితా పొడుగు కావాలని నన్ను ఎగదోసినవాడివీ నువ్వే. కానీ ఒప్పుకున్న పని మధ్యలో వదలవు. నేను పోయిన తరవాతి ఆదివారం, ఆరాధన ముగిశాక, అందరూ కూర్చుని ఉండగా దీన్ని మొదటి నుంచి చివరి దాకా చదవాలి. ఐదో అంశం దగ్గర గొంతు తగ్గించకు. నేను ఎవరి పాపాలు చెప్పేటప్పుడూ గొంతు తగ్గించలేదు.

రెండు. ఇల్లు, దాని వెనక చేను, బావి, రెండు మేకలు నా అన్న కీర్తిశేషులు కసన్‌రెజో కూతురు వినార్సిహ్‌కు చెందుతాయి. నాకూ నా భార్య మార్తాకూ పిల్లలు లేరు. 'ముస్లిము పిల్లకు సంఘ సేవకుడి ఇల్లా?' అని గొణిగేవాళ్లకు ఇక్కడే జవాబు చెబుతున్నాను. మార్తా మంచాన పడ్డ మూడు నెలలూ ఆమెకు గంజి తాగించింది, పక్కగుడ్డలు ఉతికింది వినార్సిహ్. మీరు వచ్చారు, పాట పాడారు, వెళ్లారు. మంచి సమరయుడి మీద మీకు నేను ఎన్ని ప్రసంగాలు చేశానో నాకే లెక్క లేదు. ఒక్కటైనా చెవిలో పడి ఉంటే నోరు మూసుకోండి.

మూడు. పెరటి నిమ్మచెట్టు కాపు కమ్మరి జెమిరిన్ ఇంటివాళ్లది. చెట్టు ఉన్నంతకాలం వాళ్లు వచ్చి కోసుకుంటారు, వినార్సిహ్ అడ్డు చెప్పకూడదు. ఇనుము కడిగేవాళ్లకే ఆ పులుపు విలువ తెలుసు.

నాలుగు. నా బైబిలును నాతో పాతిపెట్టవద్దు. చదవడం నేర్చుకుంటున్న వాళ్లెవరికైనా ఇవ్వండి. అపొస్తలుల కార్యాల్లో ఒక పేజీకి నేను జిగురు పెట్టి మూసేశాను. ఎఫెసులో మాంత్రికులు తమ పుస్తకాలు తెచ్చి అందరి ముందూ కాల్చిన చోటు అది. నీటి ఆవిరి పట్టిస్తే ఊడుతుంది. లేఖనం తప్పు కాదు, మూసినవాడిదే తప్పు.

ఐదు. నా మంచం కింద, నేల పలకలు ఎత్తితే, టేకు పెట్టె ఒకటి ఉంది. అందులో నూనెగుడ్డ చుట్టిన కెరిసులు, తాతల నుంచి కొడుకులకు వచ్చే కత్తులు, ఇరవై మూడు. అవి నావి కావు. నావి కానివాటిని రాసిచ్చే హక్కు నాకు లేదు కాబట్టి ఇది దానం కాదు, అప్పగింత.

పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అరవై ఏడో సంవత్సరం. అంతకు ముందు ఏడాదిన్నరగా మనుషులు ఇళ్ల నుంచి మాయమవుతున్నారు. ఎవరు తీసుకుపోయారో రాయను, మీకు తెలుసు. కాగితాల్లో ఏదో ఒక మతం పేరు లేనివాడికి బతుకు గ్యారంటీ లేని రోజులు. మన గుడి తలుపు దగ్గర జనం వరస కట్టారు. అది పరిశుద్ధాత్మ చేసిన కార్యమని నేను కేకలు వేసి చెప్పాను. అది భయం. భయపడి తలుపు తట్టినవాళ్లను లోపలికి రమ్మనాలి, అంతే. నేను గడప మీద నిలబడి ధర అడిగాను. ఇంట్లో కెరిసు ఉన్నవాడు దాన్ని తెచ్చి పడేస్తేనే నీళ్లు చల్లుతానన్నాను. ఇనుములో తాతలు ఉండరు, దయ్యాలు ఉంటాయన్నాను.

ముందు నా ఇంటి నుంచే మొదలుపెట్టాను. మా నాన్న కెరిసు పెద్దకొడుకుగా అన్న దగ్గర ఉండేది. అన్న పొలానికి పోయినప్పుడు వెళ్లి గూటిలోంచి తీసుకొచ్చేశాను. గిద్యోను తన తండ్రి బలిపీఠాన్ని భయపడి చీకట్లో పడగొట్టాడు, నేను పట్టపగలు చేశానని ప్రసంగంలో చెప్పుకుని మురిసిపోయాను. దాన్ని దొంగతనం అంటారని ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు.

గుడి ముందు మంట వేశాం. ఒరలు, పిడులు అన్నీ అందులో వేయించాను. చందనపు ఒరలు, తిమొహో కర్ర ఒరలు, తాతలు ముత్తాతలు అరిగేలా పట్టుకున్న పిడులు. పిడి ఊగకుండా లోపలి ఇనుప మొనకు ఇంటి ఆడవాళ్ల తలవెంట్రుకలు చుట్టడం మనలో అలవాటు. పిడులు కాలినప్పుడు ఆ వెంట్రుకలు కాలాయి. ఆ ఏడాది ఆ వాసన ఏమిటో తెలియని ఇల్లు ఈ ఊళ్లో లేదు. నేను పాట గట్టిగా ఎత్తుకోమన్నాను.

కత్తులను గోనెసంచిలో వేసుకుని బ్రంతాస్ నదిలో, పాత రేవు దగ్గర పారేసి వచ్చానని చెప్పాను. పారేయలేదు. యెషయా ప్రవక్త చెప్పినట్టు నాగలికి కర్రు చేయిద్దామని జెమిరిన్ కొలిమికి మోసుకుపోయాను. జెమిరిన్ ఒక్కొక్కటీ తీసి చూశాడు. సుత్తి పక్కన పెట్టేశాడు. "అయ్యా, నాగలి కావాలంటే పాత రైలుపట్టా తెచ్చుకో. వీటి మీద సుత్తి వెయ్యమంటే మా నాన్న మొహం మీద వెయ్యమన్నట్టే నాకు" అన్నాడు. నేను అతన్ని తిట్టాను. సంచి ఇంటికి తెచ్చుకుని నేల కింద దాచాను. ఆకాను తన గుడారం కింద దాచిన దొంగసొమ్ము మీద ఆ నెలలోనే రెండు ఆదివారాలు బోధించాను.

ఆరు. ఏడేళ్లు వాటి మొహం చూడలేదు. ఒక ఆదివారం గెత్సేమనే తోట గురించి చెబుతున్నాను. పేతురు కత్తి దూసినప్పుడు, నీ కత్తిని ఒరలో పెట్టమని ప్రభువు అన్నాడని, అది ప్రేమ మాట అని చెప్పాను. మూడో బల్ల మీద నుంచి రంతినెమ్ లేచింది. ఆమె భర్త సగిమన్‌ను అరవై ఆరులో తీసుకుపోయారు. అతని కెరిసును మరుసటి ఏడాది ఆమే తెచ్చి నా చేతికి ఇచ్చింది. "అయ్యగారూ, ఒరలన్నీ మీరే కాల్చేశారు గదా. మరి పేతురు గారు ఎందులో పెట్టాలంటారు?" అంది. జనం నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఆ రోజే పలకలు ఎత్తాను. ఇనుము ఎర్రగా పొట్టులా రాలుతోంది. ఎవరిది ఏదో చెప్పడానికి ఒర లేదు, పిడి లేదు. ఒరను బట్టే ఇల్లు గుర్తుపడతారు, అవి నేనే బూడిద చేశాను.

కెరిసుల సంగతి తెలిసినవాడు మాకు దగ్గరలో ఒక్కడే, మా అన్న. వాళ్ల అరుగు మీదికి వెళ్లి నిలబడ్డాను. అన్న నన్ను చూసి, "ఏరా ప్రవక్తా, దారి తప్పావా?" అన్నాడు. సంచి విప్పాను. అన్న ఒక కత్తి తీసి తుప్పును గోటితో గీకాడు. తరవాత, "లోపలికి తే. ఎండలో పెట్టకు" అన్నాడు.

పదకొండేళ్లు, ప్రతి గురువారం, అన్న నాకు నేర్పాడు. వంపులు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి, సరిసంఖ్య వచ్చిందంటే లెక్క తప్పిందన్నమాట. పాత ఇనుము చేతికి పొడిగా, తేలికగా తగులుతుంది, గోటితో మీటితే సన్నగా పలుకుతుంది. నిమ్మరసం, పాషాణం కలిపి పట్టిస్తే ఇనుము నల్లబడి, లోపలి పొరల తెల్లచార తేలుతుంది. ఆ చారకే పామొర్ అని పేరు. నేను వంగి కళ్లు చికిలించి చూస్తుంటే, "కళ్లు నీకు జనాన్ని బెదిరించడానికే పనికొస్తాయిరా. బొటనవేలితో చూడు" అనేవాడు. నాన్న కత్తి అందులో ఉందా అని ఒక్కసారీ అడగలేదు. ఒక్కొక్కటీ తీసి నిమిరి పక్కన పెట్టేవాడు. వెతుకుతున్నాడని నాకు తెలుసు.

ఏ ఇంటిదో కనుక్కోవడం నా పని. పరామర్శకని వెళ్లి, మీ తాత కెరిసుకు ఎన్ని వంపులని మాటల్లో పెట్టి అడిగేవాడిని. ఎవరూ మర్చిపోలేదు. ఒకావిడ తమ కత్తికి పదకొండు వంపులని, ఏడో వంపు దగ్గర ఈగ తల అంత గుంట ఉందని, ఏటా సురో నెలలో కత్తి కడిగేటప్పుడు తన వేలు అక్కడే ఆగేదని చెప్పి భుజం మీది కండువా అంచు నోట్లో కుక్కుకుంది. ఆ గుంట నేను ఆ ఉదయమే చూసి వచ్చాను. ఆమెకు ధైర్యం చెప్పి, ప్రార్థన చేసి, ఇంటికి వచ్చేశాను. ఇలా ఇరవై ఒకటి తేల్చాను. ప్రతిదానికీ ఇంటిపేరు, ఆకారం, చార, బరువు పెట్టెలోని నోటుబుక్కులో ఉన్నాయి. తిమోతియుస్ వాటిని చర్చి సామాను పంచినట్టు పిలిచి పంచకూడదు. ఇంటింటికీ నడిచి వెళ్లాలి, రెండు చేతులతో ఇవ్వాలి. 'నదిలో పారేయలేదు, ఎలియాస్ అబద్ధం చెప్పాడు' అని ప్రతి గడప దగ్గరా చెప్పాలి.

ఏడు. మిగిలినవి రెండు. రెండూ వంపుల్లేని తిన్నని కత్తులు. కొత్త కాపురం పెట్టే కొడుక్కి తండ్రి ఇచ్చే మామూలు రకం. రెండింటి మీదా చిందిన బియ్యం గింజల్లాంటి చార. ఒకటి మా నాన్నది. ఒకటి సగిమన్‌ది. నాన్న కత్తికి అంచు మీద, అడుగు దగ్గర, చిన్న నొక్కు ఉండేదట. అన్న బొటనవేలు దానికోసమే వెతికేది. ఈ రెండూ తుప్పు మరీ ఎక్కువ పట్టి ఉండటంతో చివరికి మిగిల్చాం. కొబ్బరినీళ్లలో నానబెట్టమని, రోజూ పొద్దున తీసి, రుద్ది, తుడిచి మళ్లీ వేయమని అన్న చెప్పాడు. నేను నానబెట్టాను. మరునాడే కెదిరిలో ఉజ్జీవ కూటాలని కబురొచ్చింది. తొమ్మిది రోజులు అక్కడ గొంతు చించుకున్నాను. తిరిగి వచ్చేసరికి రెండు కత్తుల అంచులూ నీళ్లు తినేశాయి. నొక్కు ఉన్న చోటూ లేదు, లేని చోటూ లేదు.

అన్న రెండింటినీ బొటనవేలితో నిమిరాడు. మళ్లీ నిమిరాడు. కింద పెట్టి, "టీ చల్లారిపోతోంది, తాగు" అన్నాడు.  చనిపోయే ముందు ఒకసారి అన్నాడు: "మీ దేవుడు క్షమిస్తాడేమోరా. రంతినెమ్‌ను ఎప్పుడైనా అడిగావా?" అన్న పోయి రెండేళ్లయింది. అడగలేదు.

ఎనిమిది. రంతినెమ్ సంగతి. సగిమన్ శవం దొరకలేదు. సమాధి లేదు. మగవాడు రాలేనప్పుడు అతని కెరిసును పెళ్లిపీట మీద పెట్టి పెళ్లి జరిపించే జాతి మనది. ఆ కత్తే సగిమన్ అని ఆమె అనుకోవడంలో వింత లేదు, దొరికితే దాన్నే పాతిపెట్టి సమాధి చేస్తుంది. నేను నదిలో వేశానన్నాను కాబట్టి, ఇరవై ఏడేళ్లుగా, అతన్ని తీసుకుపోయిన తేదీన, ఆమె పాత రేవుకు వెళ్లి నీళ్లలో పూలు చల్లుతోంది. మొదట్లో నడిచి వెళ్లేది. ఇప్పుడు ఎవరైనా సైకిలు వెనక కూర్చోబెట్టుకుంటే వెళుతుంది. ఒకసారి నేను ఎదురుపడితే, "అయ్యగారూ, సరిగ్గా ఎక్కడ వేశారో చెప్పండి, పూలు అటూ ఇటూ పోతున్నాయి" అంది. నేను చెయ్యి చాపి ఒక చోటు చూపించాను. పిడుగుల్లాంటి ప్రసంగాల్లో పైకెత్తిన ఈ చెయ్యి, ఉత్త నీళ్లను చూపించింది. దీనికి నా దగ్గర వాక్యం లేదు. వెతికాను, లేదు.

ఏ కత్తి సగిమన్‌దో ఇక తేలదు. ఒకటి ఎంచి ఇస్తే, ఆమె మా నాన్నను తన భర్తగా పాతిపెట్టవచ్చు. సొలొమోను బిడ్డను కోయమన్నాడు, అసలు తల్లి ఎవరో బయటపడింది. ఇక్కడ బయటపడేందుకు ఏమీ మిగల్చలేదు నేను. రెండూ ఆమెకే ఇస్తే సగిమన్ తప్పకుండా ఆ గుంటలో ఉంటాడు. కానీ అందులో ఒకటి అన్నది, అన్న తరవాత వినార్సిహ్‌ది. ఒకసారి దొంగిలించాను. వీలునామా పేరుతో రెండోసారి దొంగిలించలేను.

అందుకని ఈ అంశంలో ఆజ్ఞ లేదు. వినార్సిహ్, తల్లీ, అడుగుతున్నాను. మీ తాత కత్తి కూడా ఆమెకు ఇస్తావా? కాదంటే నీ మీద నాకు కోపం ఉండదు. నేను పోయాక రంతినెమ్‌కు నిజం మటుకు చెప్పండి. ఆమె తిడితే ఆ తిట్లు నా సమాధి దగ్గరికి తెచ్చి చెప్పండి.

పైన రాసినదంతా మళ్లీ చదువుకున్నాను. మార్చవలసినది కనపడలేదు.

సుంబెర్‌జాతి, 1994 ఆగస్టు 9, మంగళవారం.

(సంతకం) ఎలియాస్ వొంగ్సోదిక్రోమో

సాక్షులు:

1. జెమిరిన్, కమ్మరి. చదవడం రాదు, చదివి వినిపించారు, వేలిముద్ర వేశాను.

2. తిమోతియుస్ రక్సోతామ, సంఘ పెద్ద. నా గురించి రాసిన మాటలు కూడా చదివాను. చదవమన్నట్టే చదువుతాను.

3. వినార్సిహ్, కసన్‌రెజో కూతురు. సంతకం చేయమని పిలిచి బాబాయి ఈ కాగితం నా చేతిలో పెట్టాడు. రెండు కత్తులూ రంతినెమ్ పిన్నికే. అయితే బాబాయి పోయేదాకా ఆగడానికి నేను ఒప్పుకోను. పిన్నికి ఎనభై ఒకటి దాటాయి. వచ్చే శుక్రవారం పొద్దున్నే పెట్టెలోంచి ఆ రెండూ తీసుకుని వాళ్లింటికి వెళుతున్నాను, బాబాయి నాతో వస్తాడు, నిజం తన నోటితోనే చెబుతాడు. ఆమె ఒప్పుకుంటే గుంట కూడా తనే తవ్వుతాడు. చేతకాకపోతే పార నేను పడతాను, పక్కన నిలబడనీ.